వెలివాడలో వేర్పాటు: ఒంగోలు తొలితరం మాదిగ క్రైస్తవుల మూడు నియమాలు (1866–1878)

వ్యాస సంగ్రహం

విశ్వాసి లోకంలో జీవిస్తూనే లోకరీతికి వేరుగా ఉండాలన్నది క్రైస్తవ బోధలోని ప్రధానాంశాలలో ఒకటి. దీనిని సాధారణంగా అంతరంగ సాధనగా, ఆధ్యాత్మిక క్రమశిక్షణగా వ్యాఖ్యానిస్తారు. పందొమ్మిదో శతాబ్ది ఉత్తరార్ధంలో ఒంగోలు పరిసర గ్రామాలలో క్రైస్తవాన్ని స్వీకరించిన మాదిగల జీవితంలో ఈ బోధ మూడు నియమాల రూపం తీసుకొంది. ఆదివారం పని చేయకపోవడం, చచ్చిన పశువు మాంసం తినకపోవడం, విగ్రహాలను కొలవకపోవడం అనేవి ఆ నియమాలు. అప్పటికే సమాజం ఊరి వెలుపల ఉంచిన ప్రజలకు ‘వేరుగా ఉండటం’ అంటే ఏ అర్థం ఏర్పడింది, ఆ వేర్పాటు వారికి ఏమి ఇచ్చింది, వారినుండి ఏమి తీసుకొంది అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఒంగోలు విశ్వాసుల వేర్పాటు ఊరిని వదలిపోవడం కాదని, ఊరిలోనే ఉంటూ వంశపారంపర్యంగా తమపై మోపిన కొన్ని బాధ్యతలను నిరాకరించడమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: వేర్పాటు, లోకం, పరిశుద్ధత, మాదిగలు, ఒంగోలు, అమెరికన్ బాప్టిస్టు తెలుగు మిషన్, జాన్ ఎవరెట్ క్లౌ, యర్రగుంట్ల పేరయ్య, డప్పు.

1. ఉపోద్ఘాతం

తెలుగు నేలపై క్రైస్తవ చరిత్రను రాసినవారు ఎక్కువగా మిషనరీల రాకను, పాఠశాలలు, ఆసుపత్రుల స్థాపనను, అనువాదాలను, నిఘంటువులను, కీర్తనలను ప్రస్తావించారు. మతం మారిన సామాన్యుడి దినచర్యలో వచ్చిన మార్పు మాత్రం ఈ చరిత్రలలో కొన్ని వాక్యాలకే పరిమితమైంది. ఒక మాదిగ కుటుంబం క్రైస్తవ కుటుంబం అయిన మరునాడు ఏ పని మానుకొంది? ఏ పని కొనసాగించింది? ఊరి పెద్దలు పిలిచినప్పుడు దేనికి వెళ్ళింది, దేనికి వెళ్ళలేదు? మతాంతరీకరణ చరిత్రకు ఈ ప్రశ్నలు కీలకమైనవి. విశ్వాసం మనసులో పుట్టినా, దాని సాంఘిక పర్యవసానం ఇటువంటి చిన్న చిన్న నిర్ణయాలలోనే బయటపడుతుంది.

ఈ దృష్టితో చూస్తే ఒంగోలు ప్రాంతం ప్రత్యేక అధ్యయనానికి తగినది. 1867లో ఎనిమిది మంది సభ్యులతో మొదలైన ఒంగోలు బాప్టిస్టు సంఘంలో, 1878 అనే ఒక్క ఏడాదిలోనే 9,606 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. ఇంత విస్తృతమైన ఉద్యమంలో సామాన్యులు జ్ఞాపకం ఉంచుకోదగిన జీవన నియమావళి అవసరమైంది. ఆ అవసరం నుండే మూడు నియమాలు ప్రాధాన్యం పొందాయి.

2. ‘లోకం’, ‘ప్రత్యేకం’: పదాల నేపథ్యం

‘పరిశుద్ధం’ అని తెలుగు బైబిలులో కనిపించే మాటకు మూలమైన హీబ్రూ పదానికి దైవసేవ కోసం విడిగా ఉంచినది అనే భావం ఉంది. ‘సంఘం’ అనే మాటకు మూలమైన గ్రీకు ‘ఎక్లేసియా’ పదానికి, దాని నిర్మాణాన్ని బట్టి, వెలుపలికి పిలువబడినవారి కూటమి అనే అర్థం చెబుతారు. యోహాను సువార్త 17వ అధ్యాయంలోని ప్రార్థన, రోమీయులకు రాసిన పత్రిక 12వ అధ్యాయం, కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 6వ అధ్యాయం వేర్పాటు బోధకు ప్రధాన ఆధారాలు. ఈ సందర్భాలలో ‘లోకం’ అంటే భూమండలమో మానవాళో కాదు. దైవచిత్తానికి ఎదురుగా నిలిచిన విలువల వ్యవస్థ అని అర్థం.

ఈ భావం తెలుగు సమాజంలోకి వచ్చేటప్పటికి ఇక్కడ వేర్పాటుకు సంబంధించిన బలమైన పదజాలం సిద్ధంగా ఉంది. మడి, మైల, అంటు, ముట్టు, వెలి అనే మాటలన్నీ ఎవరు ఎవరికి ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించేవే. మడిలో ఉన్నవారు ఇతరులను తాకరు. ఊరిలోని వారు వెలివాడలోని వారిని తాకరు. అంటే పవిత్రత పేరుతో దూరం పాటించడం తెలుగువారికి కొత్త కాదు. కొత్తదల్లా ఆ దూరాన్ని నిర్ణయించే అధికారం ఎవరిదన్న ప్రశ్నే. మడి వ్యవస్థలో మాదిగ దూరంగా ఉంచబడినవాడు. క్రైస్తవ వేర్పాటులో అతడే కొన్ని పనులకు తాను దూరంగా ఉంటానని నిర్ణయించుకొన్నవాడు. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే కర్మస్థానంలో ఉన్న మనిషి కర్తృస్థానంలోకి వచ్చాడు. ఒంగోలు నియమాల సాంఘిక ప్రాధాన్యాన్ని ఈ మార్పు నుండే అర్థం చేసుకోవాలి.

3. పూర్వరంగం: ఆచారమా, లోకమా?

దేనినుండి వేరు కావాలన్న విషయంలో క్రైస్తవ మిషన్లన్నీ ఒకే సమాధానం ఇవ్వలేదు. పదిహేడో శతాబ్ది ప్రారంభంలో మదురైలో రాబర్టో డి నోబిలి కులాచారాలను మతవిషయాలుగా కాక లౌకిక మర్యాదలుగా పరిగణించాడు. ఈ పద్ధతిపై కాథలిక్ సంఘంలో దీర్ఘకాలం వివాదం సాగింది. చివరకు 1744లో పోపు పద్నాలుగో బెనెడిక్టు ఆదేశంతో అది ముగిసింది. ప్రొటెస్టెంటు మిషన్ల వైఖరి ఇందుకు భిన్నం. 1850లో మద్రాసు మిషనరీ సమావేశం కులం విగ్రహారాధనతో ముడిపడినదని, దానిని విడిచిపెట్టనివారిని సంఘంలో చేర్చుకోరాదని తీర్మానించింది. తమిళ ప్రాంతంలో పిలక లేదా కుడుమి మతచిహ్నమా, కేవలం అలంకరణా అనే చర్చ 1860వ దశకంలో సాగింది. రాబర్ట్ కాల్డ్‌వెల్ ఆ విషయంపై ప్రత్యేక రచన చేశాడు. ఒక మనిషి శిరోజాలలో ఎంత భాగం ‘లోకం’ అనే ప్రశ్న నేడు విచిత్రంగా తోచవచ్చు. ఆనాటి విశ్వాసికి మాత్రం అది ఇంటినీ బంధువులనూ నిలుపుకోవడమా, కోల్పోవడమా అనే ప్రశ్న.

తెలుగు ప్రాంతంలో అగ్రవర్ణ విశ్వాసుల వేర్పాటుకు మచిలీపట్నం ఉదాహరణగా నిలుస్తుంది. రాబర్ట్ నోబుల్ అక్కడ నడిపిన ఆంగ్ల పాఠశాలలో 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం పొందారు. వారిలో మంచాల రత్నం బ్రాహ్మణుడు, అయినాల భూషణం వెలమ. ఆ సంఘటనతో పట్టణంలో అలజడి రేగింది, విద్యార్థులు పాఠశాలను వదిలిపోయారు. ఇటువంటి విశ్వాసికి వేర్పాటు అంటే ఇల్లు విడవడం, సహపంక్తి భోజనం కోల్పోవడం, ఆస్తి హక్కు సందిగ్ధంలో పడటం. అతడు మిషన్ ప్రాంగణంలో ఆశ్రయం పొందేవాడు. ఒక లోకం నుండి తొలగి మరొక లోకంలో ప్రవేశించేవాడు.

పల్లెలోని మాల, మాదిగ విశ్వాసుల పరిస్థితి వేరు. 1859లో బెజవాడ ప్రాంతంలోని రాఘవాపురంలో పగోలు వెంకయ్య తనవారితో కలసి బాప్తిస్మం పొందినప్పటి నుండి ఇక్కడ మతమార్పు వ్యక్తిగతంగా కంటే కుటుంబాలుగా, బంధువర్గాలుగా సాగింది. పల్లె మొత్తం మారుతున్నప్పుడు ఇల్లు విడవవలసిన అవసరం లేదు. కాని ఊరితో ఉన్న సంబంధం మాత్రం మునుపటిలా ఉండలేదు. ఒంగోలు ఉద్యమం ఈ రెండో కోవకు చెందుతుంది.

4. ఒంగోలు సంఘ స్థాపన, పేరయ్య పాత్ర

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ 1836లో శామ్యూల్ డే రాకతో మొదలై, 1840 నుండి నెల్లూరు కేంద్రంగా నడిచింది. చాలాకాలం ఫలితాలు స్వల్పంగా ఉండటంతో మిషన్‌ను మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చకు వచ్చింది. జాన్ ఎవరెట్ క్లౌ 1865లో భారతదేశానికి వచ్చి, 1866లో ఒంగోలులో స్థిరపడ్డాడు. 1867 జనవరి 1న అక్కడ సంఘం ఏర్పడింది. అదే నెలలో యర్రగుంట్ల పేరయ్య స్వగ్రామ ప్రాంతంలో జరిగిన ప్రార్థనా దినాల తరువాత 28 మంది బాప్తిస్మం పొందారు.

పేరయ్య తోళ్ళ వర్తకం చేసే మాదిగ. వ్యాపారరీత్యా దూరప్రాంతాలకు తిరిగినవాడు. క్రైస్తవ బోధ వినకముందే రాజయోగ సంప్రదాయంలో గురూపదేశం పొంది, ధ్యానసాధన చేసినవాడు. ఈ విషయం గమనార్హం. విగ్రహాన్ని కాదని అంతరంగంలో దైవాన్ని వెదకమనే ధోరణి తెలుగు నేలపై వేమన పేరిట ప్రచారంలో ఉన్న పద్యాలలోనూ, పోతులూరి వీరబ్రహ్మం సంప్రదాయంలోనూ ఉంది. వీరబ్రహ్మం శిష్యులలో కక్కయ్య మాదిగ అని ఆ సంప్రదాయ కథలు చెబుతాయి. కాబట్టి విగ్రహారాధన నిరాకరణ పేరయ్య వంటివారికి పూర్తిగా పరాయి భావన కాదు. అంతకు ముందు గురువు పాదాల వద్ద వ్యక్తిగత సాధనగా ఉన్నది సంఘంలో సామూహిక నియమమైంది.

పేరయ్య వంటివారి రాకతో క్లౌకి ఒక చిక్కు ఎదురైంది. ఒంగోలులో పాఠశాలను ఆదరించిన బ్రాహ్మణ కుటుంబాలు, మాదిగలను చేర్చుకొంటే తమ పిల్లలను పంపబోమన్నాయి. ఆ సందర్భంలో క్లౌ, ఆయన భార్య వేరువేరుగా బైబిలు తెరచినప్పుడు ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలోని ఒకే భాగం కనిపించిందని మిషన్ చరిత్రలో ప్రసిద్ధమైన కథనం ఉంది. దేవుడు లోకంలో బలహీనులైనవారిని ఏర్పరచుకొన్నాడన్నది ఆ భాగం సారాంశం. అగ్రవర్ణాల పిల్లలు బడి మానారు, మాదిగలు సంఘంలో చేరారు. ఒంగోలు సంఘం సాంఘిక స్వభావాన్ని నిర్ణయించిన ఘట్టం ఇదే.

5. మూడు నియమాలు

ఆదివారం పని, చచ్చిన పశువు మాంసం, విగ్రహారాధన అనే మూడింటిని విడిచిపెట్టడం ఒంగోలు విశ్వాసులకు గుర్తింపు చిహ్నాలయ్యాయి. వేదాంత దృష్టితో చూస్తే ఈ జాబితా అసంపూర్ణం. ఇందులో విశ్వాస ప్రమాణం లేదు, ప్రార్థనా విధి లేదు. కాని గ్రామ వ్యవస్థ దృష్టితో చూస్తే ఇది చాలా కచ్చితమైన జాబితా. మాదిగను ఊరికి కట్టి ఉంచిన మూడు ముడులను ఈ మూడు నియమాలు ఒక్కొక్కటిగా తాకాయి. అవి శ్రమ, ఆహారం, ఉత్సవం.

5.1 ఆదివారం విశ్రాంతి

మాదిగ గ్రామానికి చెప్పులు, మోట తోళ్ళు, పశువుల పగ్గాలు సమకూర్చేవాడు. అందుకు ప్రతిగా పంట కళ్ళంలో మేర కింద కొంత ధాన్యం పొందేవాడు. దీనితో పాటు వెట్టి చాకిరీ ఉండేది. పిలిచినప్పుడు వెళ్ళడమే తప్ప వేళాపాళా అతని చేతిలో లేదు. అమావాస్య నాడు అరక కట్టకపోవడం వంటి ఆచారాలు కొన్ని ప్రాంతాలలో ఉన్నా, ఆ విరామాన్ని నిర్ణయించేది పంచాంగం, పాటించేది రైతు. వెట్టివాడికి తనదంటూ ఒక రోజు లేదు.

ఈ నేపథ్యంలో ఆదివారం నియమం కేవలం ఆరాధన వేళను సూచించలేదు. ఏడు రోజులలో ఒక రోజు తన శ్రమపై తనకే అధికారం ఉందని ప్రకటించింది. కోతల కాలంలో రైతుకు ఇది ప్రత్యక్ష నష్టం. కాబట్టి ఊరి పెద్దలు దీనిని భక్తిగా కాక ధిక్కారంగా చూడటంలో ఆశ్చర్యం లేదు. కింది కులాలవారు పై కులాల ఆచారాలను అనుసరించి హోదా పెంచుకొనే ప్రక్రియను ఎం.ఎన్. శ్రీనివాస్ ‘సంస్కృతీకరణ’ అన్నాడు. మాంసాహార విషయంలో వచ్చిన మార్పును ఆ సిద్ధాంతంతో కొంతవరకు వివరించవచ్చు. ఆదివారం నియమాన్ని మాత్రం అలా వివరించలేము. ఏ పై కులమూ పాటించని ఆచారమది.

5.2 చచ్చిన పశువు మాంసం

ఊరిలో పశువు చనిపోతే కళేబరాన్ని తరలించడం మాదిగ బాధ్యత, తోలు తీసుకోవడం అతని హక్కు, మాంసం అతని ఆహారం. ఈ మూడూ కలసే ఉండేవి. అంటరానితనానికి సమాజం చెప్పిన సాకులలో ఈ ఆహారం ఒకటి. పశువులు అకస్మాత్తుగా చనిపోయినప్పుడు తోలు కోసం విషం పెట్టారనే అనుమానం చర్మకార కులాలపై పడటం వలసకాలపు భారతదేశంలో పలుచోట్ల కనిపిస్తుంది.

ఈ నియమం మాంసాన్ని నిషేధించింది గాని తోలు పనిని నిషేధించలేదు. ఈ తేడా ముఖ్యమైనది. పేరయ్య తోళ్ళ వర్తకుడు. చెప్పులు కుట్టే చోటే సువార్త సంభాషణలు సాగాయి. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన గ్రంథానికి ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అని పేరు పెట్టడం ఈ కారణంగానే సార్థకమైంది. అంటే వృత్తిని మైలగా భావించే దృష్టిని ఈ వేర్పాటు స్వీకరించలేదు. అవమానంతో ముడిపడిన ఆహారాన్ని వదిలి, నైపుణ్యంతో ముడిపడిన వృత్తిని నిలుపుకొంది.

అయితే ఇందులో ఒక వైరుధ్యమూ ఉంది. మాంసం ఉచితంగా లభించే ఆహారం. కూలి దొరకని రోజులలో దానిని మానుకోవడం అంటే పస్తులుండటమే. గౌరవానికి ఆకలి మూల్యంగా చెల్లించవలసి వచ్చింది. 1927లో మహద్ సమావేశంలో అంబేద్కర్ నాయకత్వాన మహర్లు చచ్చిన పశువు మాంసాన్ని విడిచిపెట్టాలని నిర్ణయించుకొన్నారు. దానికి ఆరు దశాబ్దాల ముందే ఒంగోలు పల్లెలలో అదే నిర్ణయం మతనియమ రూపంలో అమలు కావడం దళిత చరిత్రలో తగినంతగా గుర్తింపు పొందని అంశం.

5.3 విగ్రహం, డప్పు

మూడో నియమం పైకి అన్నిటికన్నా మతపరమైనది, ఆచరణలో అన్నిటికన్నా సాంఘికమైనది. గ్రామదేవత కొలుపులలో మాదిగ కేవలం భక్తుడు కాడు, ఆ ఉత్సవాన్ని నడిపే సేవకుడు కూడా. డప్పు మోగనిదే కొలుపు మొదలు కాదు. కాబట్టి ఇంట్లోని దేవతను తొలగించుకోవడంతో నియమం ముగియలేదు. ఊరి దేవత ముందు డప్పు కొట్టవచ్చునా అనే ప్రశ్న తప్పనిసరిగా ఎదురైంది. క్రైస్తవ మాదిగలు కొట్టబోమన్నారు. క్లౌ జ్ఞాపకాలు గ్రామాలలో విశ్వాసులు ఎదుర్కొన్న హింసకు ఈ నిరాకరణను ముఖ్య కారణాలలో ఒకటిగా చూపుతాయి.

ఊరి దృష్టిలో ఇది ఒక కుటుంబం తన నమ్మకాన్ని మార్చుకోవడం కాదు. అమ్మవారికి కోపం వస్తే మశూచి, కలరా ఊరందరినీ కబళిస్తాయని నమ్మిన కాలమది. డప్పు మోగకపోతే ఊరికి అరిష్టమన్న భయం నిజమైనది. రెండు వైపులా నిజమైన విశ్వాసాలే తలపడ్డాయి. ఒకరి అంతరాత్మ స్వేచ్ఛ మరొకరికి సామూహిక ప్రమాదంగా కనిపించింది. మేర, కూలి, దారి, నీరు అన్నీ ఊరి చేతిలో ఉన్నప్పుడు ఈ ఘర్షణలో ఎవరి బలం ఎంతో చెప్పనవసరం లేదు.

ఈ నియమానికి స్త్రీల జీవితంతోనూ సంబంధం ఉంది. మాదిగ స్త్రీని దేవతకు అంకితం చేసి మాతంగిగా నిలిపే ఆచారాన్ని ఎమ్మా క్లౌ గ్రంథం వర్ణించింది. 1909లో వెలువడిన థర్‌స్టన్ కుల వర్ణన సంపుటాలు కూడా ఆ ఆచారాన్ని నమోదు చేశాయి. దేవత సేవ నుండి తొలగిన కుటుంబం తన కూతురిని ఆ అంకితం నుండి కూడా తప్పించినట్లే. మాతంగికి ఉత్సవవేళ దక్కిన అధికారం మాట ఎలా ఉన్నా, ఆమె దైనందిన జీవితంలో వివాహ భద్రత లేదన్నది విస్మరించరాని విషయం.

6. కరువు పరీక్ష: 1876–1878

1876–78 నాటి మహా కరువు ఈ వేర్పాటుకు కఠిన పరీక్ష అయింది. యువకుడిగా అమెరికాలో భూముల సర్వే పని చేసిన అనుభవం ఉన్న క్లౌ, బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ భాగాన్ని గుత్తకు తీసుకొని వేలమందికి పని కల్పించాడు. బోధకులు పనివాళ్ళపై మేస్త్రీలుగా ఉంటూ, విరామవేళలలో వారితో మాట్లాడేవారు. పని కోసం వచ్చినవారిలో చాలామంది బాప్తిస్మం కోరారు. తిండి కోసం మతం మారుతున్నారనే అనుమానానికి తావివ్వకూడదని క్లౌ ఆ కాలంలో బాప్తిస్మాలను నిలిపివేశాడు.

సహాయక పనులు ముగిసి, ఇవ్వడానికి ఇక ఏమీ లేదని చెప్పిన తరువాత కూడా ప్రజలు వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు, ఒక్కో విడతకు ఇద్దరు చొప్పున ఆ కార్యం నిర్వహించారు. క్లౌ నీటిలో దిగలేదు. ఈ వివరం సంఖ్య కంటే తక్కువ ప్రాధాన్యం గలది కాదు. అంతవరకు ఏ పవిత్రకర్మకూ అర్హత లేదని సమాజం భావించిన వర్గాల నుండి వచ్చినవారు, వేలమంది సమక్షంలో ఆ కర్మ నిర్వహించారు.

కరువుకాలపు మతమార్పుల ప్రేరణ గురించిన విమర్శ ఆనాడే ఉంది, నేటికీ ఉంది. ఆ చర్చలో మూడు నియమాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. బాప్తిస్మం పొందినవారు ఆకలి తీర్చుకొనే ఒక పాత మార్గాన్ని వదలుకోవడానికి అంగీకరించారు. ఊరి ఆగ్రహాన్ని కోరి తెచ్చుకొన్నారు. కేవలం లాభాపేక్షతో ఈ నిర్ణయాన్ని వివరించడం కష్టం. అలాగని ఆర్థిక, సాంఘిక ఆకాంక్షలను పక్కనపెట్టి దీనిని కేవలం ఆధ్యాత్మిక సంఘటనగా చూపడమూ సరికాదు. మనిషిగా గుర్తింపు పొందాలనే కోరికకు, దైవాన్ని చేరాలనే కోరికకు మధ్య గీత గీయడం ఆ ప్రజల అనుభవంలో సాధ్యం కాలేదు.

7. ఆధారాల స్వభావం

ఈ చరిత్రకు ప్రధాన ఆధారం ‘సోషల్ క్రిస్టియానిటీ ఇన్ ది ఓరియంట్’ అనే గ్రంథం. ఇది క్లౌ మరణించిన తరువాత, 1914లో వెలువడింది. ఆయన జ్ఞాపకాలను అక్షరబద్ధం చేసింది ఆయన రెండవ భార్య ఎమ్మా. ఆమె విద్వాంసురాలు. మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్‌పై పరిశోధన చేసి డాక్టరేటు పొందింది. అమెరికాలో క్రైస్తవాన్ని సామాజిక న్యాయంతో అనుసంధానించిన వాల్టర్ రౌషెన్‌బుష్ ఆమె సోదరుడు. కాబట్టి గ్రంథ శీర్షికలోని ‘సోషల్’ అనే మాటలో 1860ల నాటి ఒంగోలు ఎంత, 1910ల నాటి అమెరికన్ ఆలోచన ఎంత అని ప్రశ్నించడం న్యాయమే.

అంతకు మించిన పరిమితి మరొకటి ఉంది. నియమాలను పాటించినవారి మాటలు వారి లిపిలో మనకు దక్కలేదు. పేరయ్య స్వరం సైతం ఆంగ్లంలో, ఇతరుల వాక్యాలలో వినిపిస్తుంది. అయినా ఈ ఆధారాలు నిరుపయోగం కావు. ఎమ్మా గ్రంథాలు మాదిగల పూర్వ మతజీవితాన్ని, గురుపరంపరను, వంశగాథలను తేలికగా కొట్టివేయక శ్రద్ధగా నమోదు చేశాయి. రచయిత్రి వ్యాఖ్యానాన్ని, ఆమె నమోదు చేసిన ఆచరణను వేరుచేసి చదవడం పరిశోధకుల బాధ్యత.

8. వేర్పాటు తదనంతర చరిత్ర

తరాలు మారేకొద్దీ వేర్పాటు అర్థం కూడా మారింది. పి.వై. ల్యూక్, జాన్ కార్మన్ మెదక్ ప్రాంత గ్రామాలలో జరిపిన అధ్యయనం 1968లో గ్రంథంగా వెలువడింది. చాలామంది గ్రామ క్రైస్తవులు చర్చికి వెళ్తూనే గ్రామదేవతల పండుగలలోనూ పాలుపంచుకొంటున్నారని వారు గుర్తించారు. అది వేరే ప్రాంతం, వేరే మిషన్ పరిధి. అయినా ఒక సాధారణ సత్యాన్ని అది సూచిస్తుంది. నియమం బోధించడం ఒకటి, ఊరి జీవితంలో దానిని తరతరాలుగా నిలపడం వేరొకటి.

ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలంలో భక్త సింగ్ నాయకత్వంలో వేర్పాటు మరొక దిశలో సాగింది. 1950లో హైదరాబాదులో హెబ్రోను కేంద్రం ఏర్పడింది. ఇక్కడ ‘లోకం’ అనే భావనలోకి జీతాలు, పదవులు, విదేశీ మిషన్ల అజమాయిషీ గల సంఘ వ్యవస్థలు కూడా చేరాయి. నేలపై కూర్చొని ఆరాధించడం, కులభేదం లేకుండా ప్రేమవిందులో కలసి భోంచేయడం ఈ సమాజాల ప్రత్యేకతలు. ఒంగోలు విశ్వాసి ఊరి పెత్తనం నుండి వేరైతే, ఈ విశ్వాసి సంఘ వ్యవస్థల పెత్తనం నుండి వేరయ్యాడు.

వేర్పాటుకు మరో ముఖం ఉంది. సాహిత్యంలో అది సృజనకారుడికి హద్దుగా మారిన సందర్భాలున్నాయి. బ్రాహ్మణ కుటుంబంలో జన్మించి 1833లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి విగ్రహారాధనను విడిచినా, రాగతాళాలను, కీర్తన ప్రక్రియను విడువలేదు. తెలుగు క్రైస్తవ సాహిత్యానికి అది వరమైంది. శతాబ్దం తరువాత గుర్రం జాషువా పురాణేతిహాస వస్తువులతో కవిత్వం రాసినందుకు స్వీయ క్రైస్తవ సమాజంలోనే నిరసన ఎదుర్కొన్నాడు. అటు కులం పేరిట, ఇటు మతం పేరిట రెండు వెలులను అనుభవించిన ఆ కవి ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. విశ్వాస రక్షణ కోసం గీసిన గీత ఎక్కడ భాషా సంస్కృతుల మీదుగా పోతుందో నిర్ణయించడం ఎప్పుడూ తేలిక కాలేదు.

రాజ్యం కూడా ఈ వేర్పాటును తనదైన రీతిలో వ్యాఖ్యానించింది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందూ మతానికి వెలుపలి వారిని ఆ జాబితా నుండి మినహాయించింది. తరువాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలింపు లభించింది గాని క్రైస్తవులకు లభించలేదు. మతం మారినవాడు కులం నుండి బయటపడతాడన్నది ఈ ఉత్తర్వు వెనుక ఉన్న ఊహ. ఒంగోలు చరిత్ర ఈ ఊహను సమర్థించదు. అక్కడి విశ్వాసులు పల్లెను విడువలేదు, వృత్తిని విడువలేదు, ఊరి దృష్టిలో మాదిగలుగానే మిగిలారు. వారు విడిచినవి కొన్ని బాధ్యతలను మాత్రమే. ఆధ్యాత్మిక వేర్పాటును సాంఘిక నిష్క్రమణగా పొరబడటం వల్ల వారి వారసులకు చట్టపరమైన నష్టం వాటిల్లింది.

చివరిగా డప్పు. 1860లలో ఒంగోలు పల్లెలలో విశ్వాసులు కొలుపుకు కొట్టబోమన్న డప్పు, 1994 జూలై 7న అదే ప్రకాశం జిల్లాలోని ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమానికి చిహ్నమైంది. పైకి ఇవి పరస్పర విరుద్ధ చర్యలు. ఒక తరం డప్పును పక్కన పెట్టింది, మరొక తరం భుజాన వేసుకొంది. అయితే రెండు సందర్భాలలోనూ ప్రశ్న ఒక్కటే. డప్పు ఎవరి ఆజ్ఞపై మోగాలి? ఊరు ఆజ్ఞాపించినప్పుడు కొట్టకపోవడం, తన హక్కు కోసం తానే కొట్టడం ఒకే ఆత్మగౌరవానికి రెండు దశలు.

9. ముగింపు

పై పరిశీలన నుండి ఈ అంశాలను గుర్తించవచ్చు.

1. ఒంగోలు మాదిగ విశ్వాసుల వేర్పాటు లోకాన్ని విడిచిపోయే సన్యాసం కాదు. వారు పల్లెలోనే ఉండి, ఊరితో ఉన్న సంబంధం షరతులను మార్చడానికి ప్రయత్నించారు.

2. మూడు నియమాలు శ్రమ, ఆహారం, ఉత్సవం అనే మూడు రంగాలలో మాదిగలపై ఊరికున్న అధికారాన్ని ప్రశ్నించాయి. అందువల్లనే అవి వేదాంత ప్రమాణాల కంటే వేగంగా విశ్వాసుల గుర్తింపు చిహ్నాలయ్యాయి, గ్రామ ఘర్షణలకు కారణమయ్యాయి.

3. ఈ వేర్పాటును సంస్కృతీకరణగా గాని, మిషనరీల అనుకరణగా గాని పూర్తిగా వివరించలేము. దీనికి తోడ్పడిన స్థానిక యోగ సంప్రదాయాలను కూడా పరిగణించాలి.

4. వేర్పాటు గౌరవాన్ని ఇచ్చింది, మూల్యాన్నీ కోరింది. ఉచితంగా లభించే ఆహారం, ఊరి ఉత్సవంలో స్థానం, కొంతకాలం వాద్యకళ ఆ మూల్యంలో భాగమయ్యాయి.

విశ్వాసి దేనినుండి వేరు కావాలన్న చర్చలో ‘లోకం’ అనే పదానికి ఒకే అర్థం చెప్పడం పరిపాటి. ఒంగోలు పల్లెల చరిత్ర ఆ పదానికి స్థలకాలాలను బట్టి అర్థం చెప్పుకోవాలని నేర్పుతుంది. మచిలీపట్నం బ్రాహ్మణ యువకుడికి లోకం అంటే పుట్టిన ఇల్లు. ఒంగోలు మాదిగకు లోకం అంటే పొద్దున్నే వచ్చే వెట్టి పిలుపు, ఊరి చివర పడి ఉన్న కళేబరం, కొలుపు రాత్రి మోగవలసిన డప్పు. సమాజం వెలివేసిన మనిషి తానుగా ఒక గీత గీసి, దాని ఇవతల నిలబడటం ఆనాటి గ్రామ వ్యవస్థకు అపూర్వమైన అనుభవం. ఆ గీత గీసినవారి పేర్లలో ఎక్కువ భాగం చరిత్రకు దక్కలేదు. వారు పాటించిన నియమాలను వారి జీవన సందర్భంలో నిలిపి చదివినప్పుడే ఆ నిర్ణయాల వెనుక ఉన్న మనుషులు కనిపిస్తారు.